సరిహద్దు వ్యాపారానికి లెక్కలు చూసే మనిషి: ఎప్పుడు, ఎవరు, ఎంతవరకు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వంటి ఒడిశా పట్టణాల్లో చిన్న వ్యాపారాలు నడిపే తెలుగువారికి ఏదో ఒక దశలో ఒక ప్రశ్న ఎదురవుతుంది. లెక్కలు చూడడానికి ఒక మనిషిని పెట్టుకోవలసిన సమయం వచ్చిందా, లేక ఇంకొన్నాళ్లు మనమే రాసుకోవచ్చా అన్నదే ఆ ప్రశ్న. దీనికి సాధారణంగా వచ్చే జవాబు అమ్మకాల మొత్తాన్ని బట్టి ఉంటుంది. వ్యాపారం ఇన్ని లక్షలు దాటేదాకా మనిషి అక్కరలేదని, దాటిన తరువాత తప్పదని చెబుతారు. కటకంలోనో రాజమహేంద్రవరంలోనో దుకాణం పెట్టుకొని, ఆ చుట్టుపక్కలవారికే అమ్మేవారికి ఆ జవాబు సరిపోవచ్చు. రాష్ట్రాల హద్దును ఆనుకొని ఉన్న దుకాణానికి మాత్రం అది చాలదు. ఇక్కడ అమ్మకం ఎంత అన్నదానికన్నా సరుకు ఎటు వెళ్తోంది అన్నదే ముందుగా చూడాలి.

నేను గట్టిగా నమ్మే మాట మరొకటి ఉంది. మన చిన్న వ్యాపారులు నెలజీతం మీద గుమాస్తాను తొందరపడి పెట్టుకుంటారు, చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గరికి మాత్రం ఆలస్యంగా వెళ్తారు. సరిహద్దు వ్యాపారంలో ఈ క్రమం తిరగబడాలి.

అమ్మకాల మొత్తం ఎందుకు సరైన కొలత కాదు

ఒడిశాలో కేవలం సరుకులు అమ్మే వ్యాపారికి సంవత్సరపు అమ్మకాలు రూ. 40 లక్షలు, సేవలు అందించేవారికి రూ. 20 లక్షలు దాటేవరకు జీఎస్టీ నమోదు అవసరం లేదన్నది అందరికీ తెలిసిన సంగతే. అయితే ఈ వెసులుబాటు రాష్ట్రం లోపల అమ్మే సరుకుకే వర్తిస్తుంది. పన్ను పడే సరుకును మరో రాష్ట్రానికి అమ్మేవారు, ఆ అమ్మకం ఎంత చిన్నదైనా, నమోదు చేయించుకోవలసిందే. పర్లాకిమిడి నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నానికి ఉన్న దూరం చాలా స్వల్పమే కావచ్చు. చట్టం దృష్టిలో మాత్రం అక్కడి దుకాణానికి మీరు పంపిన బస్తా అంతర్రాష్ట్ర సరఫరాయే. ఇచ్ఛాపురానికి సరుకు వేసే బరంపురం వ్యాపారికీ, పార్వతీపురానికి వేసే రాయగడ వ్యాపారికీ, సాలూరుకు వేసే కోరాపుట్ వ్యాపారికీ ఇదే వర్తిస్తుంది.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. సేవలు మాత్రమే అందించేవారు పొరుగు రాష్ట్రంలో పని చేసినా రూ. 20 లక్షల పరిమితి వారికి నిలుస్తుంది. ప్రభుత్వం జాబితాలో పేర్కొన్న చేతివృత్తుల వస్తువులను ఇతర రాష్ట్రాలకు అమ్మే కళాకారులకు కూడా రూ. 20 లక్షల వరకు నమోదు అక్కరలేదు. వారికి పాన్ ఉండాలి, సరుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) మాత్రం తీయాలి. పర్లాకిమిడి కొమ్ము పనివారిలో చాలామందికి ఈ రెండో సంగతి ఉపయోగపడుతుంది. తమకు నమోదు తప్పదనుకొని పొరుగూరి ఆర్డర్లు వదులుకోవలసిన అవసరం వారికి లేదు.

కౌంటరు మీది అమ్మకం సంగతి ఇంకొంచెం సున్నితమైనది. పాతపట్నం నుంచి వచ్చిన మనిషి, జీఎస్టీ నంబరు లేనివాడు, మీ దుకాణంలో మిక్సీ కొని చేత పట్టుకుని వెళ్లిపోయాడనుకుందాం. బిల్లులో అతని చిరునామా రాయకపోతే సరఫరా స్థలం మీ దుకాణమే అవుతుంది, ఒడిశా అమ్మకం లాగానే కేంద్ర, రాష్ట్ర జీఎస్టీలు పడతాయి. బిల్లులో ఆంధ్రప్రదేశ్ చిరునామా రాస్తే, అక్కడి రాష్ట్రం పేరు ఒక్కటే రాసినా, అది అంతర్రాష్ట్ర సరఫరాగా మారి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల మీది జీఎస్టీ) పడుతుంది. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న నియమం ఇది. అదే పాతపట్నం దుకాణదారు 37తో మొదలయ్యే తన జీఎస్టీ నంబరు ఇచ్చి, హోల్‌సేల్‌గా కొని, సరుకు తన దుకాణానికి తీసుకువెళ్తే ఐజీఎస్టీ వేయాలి. ఒడిశా నంబరు 21తో మొదలవుతుంది, ఆంధ్ర నంబరు 37తో మొదలవుతుంది. బిల్లు రాసే కుర్రవాడికి మొదటి రోజే నేర్పవలసిన పాఠం ఈ రెండంకెలు చూడడం.

తప్పు పద్దు కింద పన్ను కడితే డబ్బు పూర్తిగా పోదు, కానీ చేతిలో ఉన్న నగదు ఇరుక్కుపోతుంది. ఐజీఎస్టీ కట్టవలసిన చోట కేంద్ర, రాష్ట్ర జీఎస్టీలు కట్టినవారు సరైన పన్నును మళ్లీ కట్టాలి, తప్పుగా కట్టిన దాన్ని వాపసు కోరాలి. అలా మళ్లీ కట్టేటప్పుడు వడ్డీ ఉండదు, వాపసు దరఖాస్తుకు రెండేళ్ల గడువు ఉంటుంది. చిన్న పెట్టుబడితో నడిచే దుకాణానికి రెండుసార్లు కట్టి, ఒకసారి కట్టింది వాపసు వచ్చేదాకా ఎదురుచూడడం తేలికైన విషయం కాదు.

మీరే రాసుకోవడం ఎంతవరకు చాలు

సరుకు ఎక్కడినుంచి తెచ్చుకున్నా అమ్మకం పూర్తిగా ఒడిశాలోనే జరిగితే, వాడకందారులే కొనుగోలుదారులైతే, అరువు ఖాతాలు కొద్దిగా ఉంటే, మనిషిని పెట్టుకోనవసరం లేదు. అటువంటి కిరాణా, ఫ్యాన్సీ, చెప్పుల దుకాణాలకు కాంపొజిషన్ పథకం చాలావరకు సరిపోతుంది. సంవత్సరానికి రూ. 1.5 కోట్ల లోపు అమ్మకాలున్నవారు ఇందులో చేరవచ్చు. సరుకు వ్యాపారికి అమ్మకం మీద 1 శాతం, హోటల్ నడిపేవారికి 5 శాతం పన్ను పడుతుంది. మూడు నెలలకు ఒకసారి సీఎంపీ-08 అనే ఫారంతో పన్ను కట్టి, ఏడాదికి ఒకసారి జీఎస్‌టీఆర్-4 అనే రిటర్ను వేస్తే చాలు. కొనుగోలుదారు దగ్గర పన్ను వసూలు చేయకూడదు, కొన్న సరుకు మీద కట్టిన పన్నును జమ చేసుకోకూడదు, అంటే తాము కట్టవలసిన పన్నులో తగ్గించుకోకూడదు. విజయనగరం నుంచి సరుకు తెచ్చుకోవడానికి ఈ పథకంలో అడ్డు లేదు. ఆంధ్రకు సరుకు అమ్మడానికి మాత్రం వీలు లేదు. పాతపట్నం ఆర్డర్లు అడపాదడపా వస్తున్న వ్యాపారి కాంపొజిషన్‌లో ఉండిపోవడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. చిరునామా రాయకుండా నెట్టుకురావచ్చనే ఆలోచన కూడా మంచిది కాదు, ఎందుకంటే మీ వాహనంలో మీరే అక్కడ దించి వచ్చిన సరుకు కౌంటరు అమ్మకం కాబోదు.

ఆదాయపు పన్నులో కూడా చిన్న వ్యాపారికి ఇటువంటి సులువైన దారి ఉంది. రూ. 2 కోట్ల వరకు, నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే రూ. 3 కోట్ల వరకు అమ్మకాలున్న వ్యక్తులు, భాగస్వామ్య సంస్థలు అమ్మకాల మీద 8 శాతాన్ని, బ్యాంకు లేదా యూపీఐ ద్వారా వచ్చిన భాగం మీద 6 శాతాన్ని లాభంగా చూపి రిటర్ను వేయవచ్చు. కమీషన్ వ్యాపారులకు ఇది వర్తించదు. ఈ పథకంలో చేరి మధ్యలో మానుకున్నవారు తరువాతి ఐదేళ్లు తిరిగి చేరలేరు. లాభం ఒక ఏడాది తగ్గిందని తక్కువ చూపాలనుకున్నప్పుడు ఈ ఐదేళ్ల మాటను ముందు తూచుకోవాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 నాటి చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది గనుక పాత సెక్షన్ల సంఖ్యలతో సలహా చెప్పేవారిని కొత్త సంఖ్యలు కూడా అడిగి తెలుసుకోవడం మంచిది.

మీరే రాసుకున్నా, ఎవరినైనా పెట్టుకున్నా, దినచిట్టా మాత్రం దుకాణంలోనే, మీ చేతి కిందనే ఉండాలి. ఆ రోజు అమ్మకం, వచ్చిన నగదు, యూపీఐ జమ, చెల్లింపులు, అరువు ఇచ్చినవారి పేర్లు తెలుగులో రాసుకున్నా తప్పు లేదు. వ్యాపారపు డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా ఉండాలి. ఇంటి ఖర్చూ దుకాణం వసూలూ ఒకే యూపీఐలో కలిసిపోయిన లెక్కను ఎంత చదువుకున్నవారైనా విడదీయడానికి వారాలు పడుతుంది, ఆ శ్రమకు ఫీజు మీరే కడతారు.

నెలజీతపు గుమాస్తా, బయటి కన్సల్టెంట్, చార్టర్డ్ అకౌంటెంట్

మన పట్టణాల్లో ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టి ఆడిటర్ గారనే పిలుస్తారు. వారి పనులు మాత్రం వేరు.

నెలజీతం మీద కూర్చునే గుమాస్తా బిల్లులు ఎక్కిస్తాడు, సరుకు నిల్వ చూస్తాడు, బాకీలు అడుగుతాడు. రోజుకు బిల్లులు ఎక్కువై, అరువు ఖాతాలు పెరిగి, దుకాణం మూసిన తరువాత రాత్రి మీరు లెక్క తేల్చలేకపోతున్న దశలో ఆయన నిజంగా అవసరం. కానీ ఆయనను పెట్టుకున్నంత మాత్రాన పన్ను చిక్కులు తీరవు. ఏ పన్ను వేయాలో నిర్ణయించడం గుమాస్తా పని కాదు. తప్పు పద్ధతిని క్రమం తప్పకుండా రాసిన లెక్క కూడా తప్పు లెక్కే. పన్ను భయంతో గుమాస్తాను పెట్టుకున్నవారు జీతం కడుతూనే ఆ భయాన్ని మోస్తుంటారు. ఆ జీతంలో కొంత భాగంతో వారానికి ఒకసారి వచ్చి పద్దులు సరిచూసే మనిషిని, మిగిలిన దానితో మంచి కన్సల్టెంట్‌ను పెట్టుకుంటే చాలా దుకాణాలకు మేలు.

కన్సల్టెంట్ అంటే రిటర్నులు వేసేవారు. వారిలో జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదైనవారు ఉన్నారు, కేవలం అనుభవంతో చేసేవారూ ఉన్నారు. మొదటి రకాన్ని ఎంచుకోండి. ప్రాక్టీషనర్‌ను పోర్టల్‌లోనే అధికారికంగా నియమించుకునే వీలుంది, మీ పాస్‌వర్డ్ వారికి అప్పగించనవసరం లేదు. జీఎస్టీ ఖాతాలో నమోదయ్యే ఫోన్ నంబరు, ఈమెయిలు తప్పనిసరిగా మీవే అయి ఉండాలి. కొందరు సౌకర్యం కోసమని తమ నంబరే ఇచ్చుకుంటారు. అప్పుడు ఓటీపీలూ నోటీసులూ వారికే వెళ్తాయి, మీకు తెలిసేసరికి జవాబు గడువు దాటిపోతుంది, మనిషిని మార్చాలన్నా ఆయన సమ్మతి కోసం తిరగవలసి వస్తుంది. ఫీజు ఎంత తగ్గించినా ఈ ఒక్క షరతుకు ఒప్పుకోని కన్సల్టెంట్‌ను నేను వద్దంటాను.

రిటర్ను వేశానని ఆయన చెప్పిన మాటను మీరే పరీక్షించుకోవచ్చు. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ కాకుండానే మీ నంబరు కొట్టి ఏ నెల రిటర్ను ఏ తేదీన దాఖలైందో చూడవచ్చు. మీకు సరుకు వేసే వ్యాపారి నంబరు కొట్టినా ఇదే కనిపిస్తుంది. అతను తన రిటర్నులో మీ బిల్లు చూపకపోతే మీరు కట్టిన పన్ను మీకు జమ కాదు గనుక, సరుకు వేసినవారు చూపిన బిల్లులతో పోర్టల్‌లో నెలనెలా 14వ తేదీన తయారయ్యే జీఎస్‌టీఆర్-2బీ అనే జాబితాను కొనుగోలు బిల్లులతో సరిపోల్చి చూపించమని కన్సల్టెంట్‌ను అడగాలి. చవక ఫీజు తీసుకునేవారు చాలావరకు వదిలేసే పని ఇదే. దుకాణానికి నిజంగా డబ్బు మిగిల్చే పని కూడా ఇదే.

సరిహద్దులో రిటర్ను ఆలస్యానికి ధర జరిమానా ఒక్కటే కాదు. రోజుకు రూ. 50, అమ్మకాలే లేని నెలకైతే రూ. 20, దాని మీద పన్ను బాకీకి ఏడాదికి 18 శాతం వడ్డీ అన్నవి భరించగలిగినవే అనిపించవచ్చు. వరుసగా రెండు పన్ను కాలాలకు రిటర్ను వేయకపోతే మీ దుకాణం నుంచి వెళ్లే సరుకుకు ఈ-వే బిల్లు పుట్టదు. రూ. 50 వేలు దాటిన సరుకు ఈ-వే బిల్లు లేకుండా హద్దు దాటకూడదు. ఇచ్ఛాపురం దగ్గరి గిరిసోల దారిలోనో మరో దారిలోనో పన్ను శాఖ సంచార తనిఖీ బృందం ఆపితే, సరుకు యజమాని ముందుకు వచ్చినా పన్నుకు రెండింతలు జరిమానా కట్టి విడిపించుకోవాలి. లోపలి జిల్లాలో వీధి దుకాణానికి పెద్దగా తగలని ఈ దెబ్బ మన దగ్గర వ్యాపారాన్నే ఆపేస్తుంది. హద్దు దాటి సరుకు వేసే మొదటి నెల నుంచే కన్సల్టెంట్ ఉండాలని నేను చెప్పడానికి కారణం ఇదే. ఆ నెలలో అమ్మకం రూ. 30 వేలే అయినా సరే.

జీడిపిక్కలు కొనేవారికి ఇంకో చిక్కు ఉంది. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారి పెంకు తీయని జీడిపిక్కలను రైతు దగ్గర కొంటే, రైతు తరఫున పన్నును ఆ వ్యాపారే కట్టాలి, తన పేర బిల్లు తానే రాసుకోవాలి. బీడీ ఆకుకూ ఇదే పద్ధతి. మామూలు నమోదు ఉన్నవారికి ఆ పన్ను తిరిగి జమ అవుతుంది, కాంపొజిషన్‌లో ఉన్నవారికి అది ఖర్చుగానే మిగిలిపోతుంది. గజపతి జిల్లాలో పిక్కలు కొని పలాసకు వేసేవారు ఈ రెండు కారణాల వల్ల మొదటి రోజు నుంచే మామూలు నమోదుకు, తెలిసిన కన్సల్టెంట్‌కు సిద్ధపడడం మేలు.

ఒడిశా వైపు మనిషా, ఆంధ్ర వైపు మనిషా

ఇది మన జిల్లాల్లోనే వచ్చే ప్రశ్న. తెలుగులో మాట్లాడతారని, బంధువులు చెప్పారని శ్రీకాకుళంలోనో విశాఖపట్నంలోనో ఉన్నవారికి లెక్కలు అప్పగించే అలవాటు ఉంది. చట్టం చాలావరకు ఒకటే, పోర్టల్ ఒకటే, కాబట్టి దూరం నుంచి పని జరగదని అనలేము. కానీ గడువులే అన్నిచోట్లా ఒకటి కావు. అమ్మకాలు రూ. 5 కోట్ల లోపు ఉండి మూడు నెలల పద్ధతి ఎంచుకున్నవారికి పన్ను కట్టే రిటర్ను అయిన జీఎస్‌టీఆర్-3బీ గడువు ఆంధ్రలో 22వ తేదీ, ఒడిశాలో 24వ తేదీ. ఈ రెండు రోజుల తేడా మనకు నష్టం చేయదు. అయితే స్థానిక కార్యాలయం నుంచి దుకాణం చూడడానికి మనిషి వచ్చినప్పుడు, ఒడియాలో రాసిన లేఖకు బదులివ్వవలసినప్పుడు, వృత్తి పన్ను వంటి రాష్ట్రపు విషయాలు వచ్చినప్పుడు దూరపు మనిషి ఫోనులో మాత్రమే అందుబాటులో ఉంటారు. నంబరు 21తో మొదలైతే బరంపురంలోనో మీ ఊళ్లోనో ఉన్నవారిని ఎంచుకోవడమే నా సలహా. తెలుగు వచ్చినవారు దొరకడం ఈ పట్టణాల్లో కష్టం కాదు. ఒడియా మాత్రమే వచ్చినవారైనా మీకు అర్థమయ్యేలా ఓపికగా చెప్పగలిగితే చాలు.

హద్దుకు రెండు వైపులా గోదాములు పెట్టుకునేవారి సంగతి వేరు. పాతపట్నంలో గోదాము తీసుకుని అక్కడినుంచి అమ్మితే ఆంధ్రలో మరో నంబరు తీసుకోవాలి. ఆ రెండు నంబర్లూ మీవే అయినా చట్టం వాటిని ఇద్దరు వేర్వేరు వ్యక్తులుగా చూస్తుంది. ఒక గోదాము నుంచి మరో గోదాముకు సరుకు పంపినా బిల్లు రాసి ఐజీఎస్టీ కట్టాలి. ఒక నంబరులో జమ ఉన్న పన్నును మరో నంబరులో వాడుకోలేరు. అద్దె తక్కువని, చోటు దొరికిందని గోదాము తీసుకునే ముందు చార్టర్డ్ అకౌంటెంట్‌తో ఒక పూట కూర్చోండి. తీసుకున్న తరువాత వెళ్తే ఆయన చేయగలిగింది తక్కువ. రెండు నంబర్ల లెక్కనూ ఒకే కార్యాలయం చూడాలి, చెరొకరికి అప్పగిస్తే గోదాముల మధ్య నడిచిన సరుకు రెండు చోట్లా రెండు రకాలుగా కనిపిస్తుంది.

చార్టర్డ్ అకౌంటెంట్ తప్పనిసరి అయ్యే సందర్భాలు

అమ్మకాలు రూ. 1 కోటి దాటి, పైన చెప్పిన 8, 6 శాతాల పథకంలో లేనివారికి ఆదాయపు పన్ను ఆడిట్ అవసరం. నగదు వసూళ్లు, చెల్లింపులు రెండూ 5 శాతం లోపు ఉంటే ఆ పరిమితి రూ. 10 కోట్లు. ఆ ఆడిట్ మీద ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంట్ మాత్రమే సంతకం చేయగలరు. ఆ సంతకంతో పాటు 18 అంకెలు, అక్షరాల యూడీఐఎన్ (ఆ పత్రానికి మాత్రమే ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉండాలి. దాన్ని చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు, మీరూ చూసుకోండి. కంపెనీ పెడితే ఒక్క రూపాయి అమ్మకం లేకపోయినా ఏటా ఆడిట్ జరగాలి. అన్నదమ్ములు కలిసి చేస్తున్న దుకాణాన్ని ప్రైవేటు లిమిటెడ్‌గా మార్చమని ఎవరైనా అంటే, ఈ ఖర్చు ఏటేటా ఉంటుందని ముందు గుర్తుంచుకోవాలి.

తప్పనిసరి కాకపోయినా వెళ్లవలసిన సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి. భాగస్వామ్య పత్రం రాసుకునే ముందు, బ్యాంకు అప్పు కోసం రాబోయే ఏళ్ల అంచనాలు ఇవ్వవలసినప్పుడు, పన్ను శాఖ నుంచి వివరణ కోరుతూ నోటీసు వచ్చినప్పుడు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. పనివారి సంఖ్య 10కి చేరితే ఈఎస్ఐ, 20కి చేరితే భవిష్య నిధి విషయం కూడా ఆయనతో మాట్లాడాలి. ఈ పనులకు నెలనెలా ఫీజు అక్కరలేదు, పనికి ఇంత అని మాట్లాడుకోవచ్చు.

ఎవరినైనా కుదుర్చుకునే ముందు

ఎన్నేళ్ల అనుభవమని అడిగితే ఎవరైనా ఏదో ఒక సంఖ్య చెబుతారు. దానికి బదులు పాతపట్నం మనిషి నా కౌంటరులో కొంటే ఏ పన్ను వేయాలి అని అడగండి. వెంటనే ఐజీఎస్టీ అనో, మామూలు పన్నే అనో తేల్చి చెప్పినవారికన్నా, అతనికి నంబరు ఉందా, బిల్లులో చిరునామా రాస్తున్నారా అని తిరిగి ప్రశ్నించినవారు మీకు తగినవారు. రైతు దగ్గర కొన్న జీడిపిక్కల గురించి కూడా అలాగే అడగవచ్చు.

ఫీజును నెలకు ఎంత అని మాత్రమే పోల్చవద్దు. ఆ ఫీజులో 2బీ సరిపోల్చడం ఉందా, ఏడాది చివరి ఆదాయపు పన్ను రిటర్ను ఉందా, ఈ-వే బిల్లులు వారు తీస్తారా లేక మీ దుకాణంలోనే తీసుకోవాలా, నోటీసుకు జవాబిస్తే వేరే ఫీజా అన్నవి కాగితం మీద రాయించుకోండి. తక్కువ ఫీజు చెప్పిన మనిషి వీటిలో రెండు మూడింటిని వేరుగా లెక్కకడితే ఏడాదికి ఎక్కువ ఫీజు చెప్పిన మనిషి దగ్గరికే ఆ మొత్తం చేరుతుంది.

మనిషిని మార్చుకోవాలనుకుంటే ఏప్రిల్ నెల అనువైనది, కొత్త ఏడాది పద్దులు కొత్త చేతిలో మొదలవుతాయి. కాంపొజిషన్‌లోకి వెళ్లాలనుకునేవారు మాత్రం మార్చి 31 లోపే ఆ ఎంపిక చేసుకోవాలి. పాతవారి దగ్గరినుంచి గత సంవత్సరాల రిటర్నుల నకళ్లు, లెక్కల సాఫ్ట్‌వేర్‌లోని పూర్తి బ్యాకప్, పన్ను కట్టిన చలాన్లు, వచ్చిన నోటీసులు, ఇచ్చిన జవాబులు, జీఎస్టీ, ఆదాయపు పన్ను ఖాతాల లాగిన్ వివరాలు తీసుకున్న తరువాతే చివరి ఫీజు చెల్లించండి. కొత్తవారు పని మొదలుపెట్టే ముందే ఆ రెండు ఖాతాల పాస్‌వర్డ్‌లూ మీ చేతులతో మార్చండి.